పావు సెకను దూరం



టీవీలో వార్తలు వస్తున్నాయి. గోదావరికి వరద. స్టూడియోలో కూర్చున్న యాంకర్ అడుగుతుంది, "అక్కడ పరిస్థితి ఎలా ఉంది?" అని. తెర రెండో సగంలో విలేకరి కనిపిస్తాడు. వానలో తడుస్తూ, చేతిలో మైకుతో నిలబడి ఉంటాడు. ప్రశ్న అయిపోయింది. అతను మాత్రం నోరు విప్పడు. చెవిలోని ఇయర్‌ఫోన్‌ని వేలితో నొక్కుకుంటాడు. కెమెరాకేసి చూస్తూ తల ఊపుతాడు. మళ్లీ ఊపుతాడు. ఇంట్లో చూస్తున్న తాతగారికి విసుగు పుడుతుంది. "ఏమయ్యా, నిలబడే నిద్రపోయావా?" అంటారు. సరిగ్గా అప్పుడు విలేకరి గడగడా మాట్లాడటం మొదలుపెడతాడు.

పాపం, అతను నిద్రపోలేదు. ప్రశ్న ఇంకా అతని చెవిలో పడలేదు, అంతే. యాంకర్ అడిగిన మాట ఆకాశం దాకా ఎక్కి, అక్కడున్న ఉపగ్రహాన్ని తాకి, మళ్లీ కిందికి దిగి, గోదావరి గట్టుకు చేరాలి. అతని జవాబు మళ్లీ అదే దారిన రావాలి. ఆ రానూ పోనూ ప్రయాణం గురించే ఇవాళ్టి ప్రసంగం.

ముందు ఆకాశాన్ని పక్కన పెట్టి చెరువు దగ్గరికి వద్దాం. ఊరి చెరువుకు అవతలి గట్టున బండ మీద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. మీరు ఇవతలి గట్టున ఉన్నారు. బట్ట బండకు తగలడం కంటికి కనిపిస్తుంది. ఆ చప్పుడు మాత్రం కాస్త ఆగి వినిపిస్తుంది. చేయి మళ్లీ పైకి లేచాక ఎప్పటికో "ఠప్" అంటుంది. చిన్నప్పుడు ఈ వింత చూడని పల్లెటూరి పిల్లలు ఉండరు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. కాబట్టి చెరువు వెడల్పు 85 మీటర్లయితే, ఆ చప్పుడు మీ దగ్గరికి రావడానికి పావు సెకను పడుతుంది.

ఈ పావు సెకను గుర్తుపెట్టుకోండి. ఇవాళ మనకు మళ్లీ మళ్లీ ఎదురయ్యేది అదే.

శబ్దం నెమ్మది కాబట్టి చెరువు దగ్గర ఆలస్యం. మరి రేడియో తరంగమో? అది కాంతితో సమానంగా పరుగెత్తుతుంది. సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. భూగోళాన్ని ఒక్క సెకనులో ఏడు సార్లు చుట్టి రాగల వేగం. అంత వేగంగా వెళ్లేదానికి ఆలస్యం ఎందుకు? ఎందుకంటే దారి అంత పొడవు.

టీవీ, టెలిఫోన్ అవసరాలకు వాడే పెద్ద ఉపగ్రహాలు ఎక్కువగా ఒకే ఎత్తులో ఉంటాయి. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున. ఆ ఎత్తుకు ఒక గొప్పతనం ఉంది. అక్కడి ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టే లోపు భూమి కూడా తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది. ఇద్దరూ ఒకే జోరున తిరుగుతుంటారు కాబట్టి, కింది నుంచి చూసేవాళ్లకు ఉపగ్రహం కదలకుండా ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది. దాన్నే భూస్థిర కక్ష్య అంటారు. మీ డాబా మీద డిష్ ఒకసారి బిగించాక ఏళ్ల తరబడి అటే చూస్తూ ఉంటుంది గదా. దాన్ని ఎవరూ తిప్పనక్కర్లేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు లెక్క చూడండి. పైకి దాదాపు 36 వేల కిలోమీటర్లు. కిందికి ఇంకో 36 వేలు. మొత్తం 72 వేలు. మీరు పక్కవీధిలో ఉన్న చుట్టానికి ఈ ఉపగ్రహం ద్వారా "భోజనం చేశావా?" అన్నా ఆ మాట 72 వేల కిలోమీటర్లు తిరిగే వెళ్లాలి. పక్కింటికి వెళ్లడానికి భూమిని దాదాపు రెండు చుట్లు చుట్టినంత పని. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున అందుకు పట్టే కాలం సుమారు పావు సెకను. "చేశాను" అనే జవాబు రావడానికి ఇంకో పావు. అంటే అడిగిన దగ్గర్నుంచి జవాబు చెవిన పడేదాకా అర సెకను. మాట వెళ్లడానికి పావు, జవాబుతో కలిపి అర. ఇది యంత్రంలో లోపం వల్ల వచ్చింది కాదు. ఎంత ఖరీదైన పరికరం పెట్టినా ఇందులో ఒక్క వీసం తగ్గదు.

ఈ ఎత్తును లోకానికి బాగా పరిచయం చేసినవాడు ఆర్థర్ సి. క్లార్క్. తర్వాతి రోజుల్లో సైన్స్ కథలతో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. 1945 అక్టోబరులో వైర్‌లెస్ వరల్డ్ అనే ఇంగ్లండు పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆ ఎత్తున మూడు కేంద్రాలు నిలబెడితే భూగోళమంతటికీ ప్రసారాలు అందించవచ్చన్నాడు. అప్పటికి మనిషి ఒక్క ఉపగ్రహాన్ని కూడా పైకి పంపలేదు. క్లార్క్ తర్వాత శ్రీలంకలో స్థిరపడ్డాడు. 1975లో మన ఇస్రో ఇంజనీర్లు కొలంబో వెళ్లి, ఆయన ఇంటి దగ్గర ఒక డిష్ ఏర్పాటు చేశారు. ముప్పై ఏళ్ల కిందట కాగితం మీద ఊహించినదాన్ని ఆయన సొంత ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాడు.

అయితే మొదట పైకి వెళ్లిన సమాచార ఉపగ్రహాలు అంత ఎత్తుకు వెళ్లలేదు. 1962 జూలైలో వెళ్లిన టెల్‌స్టార్ బాగా కింద తిరిగింది. అది అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతున్నప్పుడు అమెరికాకీ యూరప్‌కీ ఒకేసారి కనిపించేది సుమారు ఇరవై నిమిషాలే. ఆ ఇరవై నిమిషాల్లో ఏం చూపించినా చూపించాలి. తర్వాత అది దిగంతం దాటి పోయేది. కింద పెద్ద పెద్ద యాంటెనాలు దాని వెంటే తిరుగుతూ ఉండాలి.

మరుసటి ఏడు సింకామ్-2 వెళ్లింది. ఇది ఎత్తైన కక్ష్యది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ వాషింగ్టన్ నుంచి దీని ద్వారా నైజీరియా ప్రధాని అబూబకర్ తఫావా బలేవాతో టెలిఫోన్‌లో మాట్లాడాడు. బలేవా అప్పుడు లాగోస్ రేవులో ఆగి ఉన్న ఓడలో ఉన్నాడు. ఇలా ఎత్తైన కక్ష్యలోని ఉపగ్రహం మీదుగా ఇద్దరు ప్రభుత్వాధినేతలు మాట్లాడుకోవడం అదే మొదలు.

కానీ ఇంజనీర్లకు ఒక బెంగ పట్టుకుంది. యంత్రం పనిచేస్తుంది, సరే. మనుషులు భరిస్తారా? మాటకూ మాటకూ మధ్య అర సెకను ఖాళీ ఉంటే సంభాషణ సాగుతుందా? 1965 ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ అనే ఉపగ్రహం వెళ్లింది. అమెరికా, యూరప్‌ల మధ్య వ్యాపారానికి పనికొచ్చిన తొలి భూస్థిర ఉపగ్రహం అది. ఒకేసారి 240 టెలిఫోన్ సంభాషణలు మోయగలిగేది. దానితో ఆ బెంగ పరీక్షకు వచ్చింది.

అర సెకను మనిషిని ఎందుకు ఇబ్బంది పెడుతుందో ఒకసారి ఆలోచించండి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకరు ఆపగానే ఇంకొకరు అందుకుంటారు. ఆ మధ్య ఖాళీ ఎంతో తెలుసా? 2009లో పరిశోధకులు వేర్వేరు ఖండాలకు చెందిన పది భాషలను పరిశీలించారు. సగటున సుమారు 200 మిల్లీసెకన్లని తేలింది. అంటే సెకనులో ఐదో వంతు. లోకమంతా కాస్త అటూ ఇటూగా అదే లయ.

ఆ లయలోకి ఉపగ్రహం తెచ్చే అర సెకను వచ్చి పడితే ఏమవుతుంది? అవతలి మనిషి ఠక్కున జవాబిచ్చినా, ఇవతలి మనిషికి తటపటాయించినట్టు వినిపిస్తుంది. "డబ్బు సర్దుతావా?" అని అడిగితే వెంటనే "తప్పకుండా" అన్నాడు. కానీ ఆ "తప్పకుండా" అర సెకను ఆలస్యంగా వచ్చింది. అడిగినవాడి మనసులో ఎక్కడో ఒక అనుమానం మొలుస్తుంది. తప్పు ఇద్దరిదీ కాదు. దారి పొడవుది.

మనదేశంలో ఈ అనుభవం చాలా కుటుంబాలకు తెలుసు. 1971లో మహారాష్ట్రలోని పుణె దగ్గర ఆర్వి అనే ఊళ్లో విదేశీ టెలిఫోన్లకు ఉపగ్రహ భూకేంద్రం మొదలైంది. దానికి విక్రమ్ సారాభాయ్ పేరు పెట్టారు. ఆ రోజుల్లోనూ, 1980లలోనూ అమెరికాలో చదువుకుంటున్న కొడుకుతో మాట్లాడటమంటే ఇంటిల్లిపాదికీ పండగ. ఫోన్ చుట్టూ అందరూ మూగేవారు. తల్లి గట్టిగా అరిచేది.

"బాగున్నావా నాన్నా?"

నిశ్శబ్దం. వినపడలేదేమో అనుకుని ఆమె మళ్లీ అడుగుతుంది, "వినిపిస్తోందా?" అని. అదే క్షణంలో అటు నుంచి "బాగున్నానమ్మా" వచ్చి పడుతుంది. రెండు మాటలూ దారిలో ఢీకొంటాయి. ఇద్దరూ ఆగిపోతారు. "చెప్పమ్మా" అంటాడు కొడుకు. "నువ్వు చెప్పు" అంటుంది తల్లి. ఈ రెండూ మళ్లీ ఢీకొంటాయి. మళ్లీ ఇద్దరూ ఆగుతారు. పక్కన నిలబడ్డ తండ్రి గోడ గడియారంకేసి చూస్తుంటాడు. నిమిషానికి ఇంత అని బిల్లు పడుతుంది మరి!

దీనికి తోడు ఇంకొక చిక్కు. ప్రతిధ్వని. తల్లి అన్న "బాగున్నావా నాన్నా" అర సెకను తర్వాత ఆమె చెవికే తిరిగి వచ్చేది. ఎందుకలా? ఇంటి టెలిఫోన్‌కు వచ్చేవి రెండే తీగలు. పోయే మాటా వచ్చే మాటా అందులోనే. దూరప్రయాణానికి మాత్రం పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. ఈ రెండు పద్ధతులూ కలిసే చోట కొంత శబ్దం కారిపోయి, తిరుగుదారి పట్టి, మాట్లాడినవాళ్ల దగ్గరికే వచ్చేది. దగ్గరి ఫోన్లలో అది తెలియదు, వెంటనే కలిసిపోతుంది కాబట్టి. ఉపగ్రహం మీదుగా పోతే మాత్రం తీరిగ్గా వెనక్కి వచ్చి, నూతిలోకి తొంగిచూసి అరిచినట్టు పలికేది. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తుంటే మనిషికి నాలుక తడబడుతుంది. మాట నత్తిగా వస్తుంది. ఇది 1950 నాటికే శాస్త్రజ్ఞులు గమనించిన విషయం.

తొలిరోజుల్లో దీనికి ఒక మొరటు చికిత్స చేశారు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ రెండోవైపు దారిని మూసేసేవారు. ప్రతిధ్వని ఆగింది. కానీ అవతలివాళ్లు మధ్యలో "ఊ" అన్నా వినిపించదు. మాటల మొదటి అక్షరాలు తెగిపోయేవి. తెలుగువాళ్లకు ఊకొట్టకపోతే కథే నడవదాయె.

అసలైన మందు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో దొరికింది. అక్కడ పనిచేసినవారిలో మన్‌మోహన్ సోంధీ ఒకరు. భారతదేశంలో పుట్టి, ఇక్కడే చదువుకుని, పైచదువులకు అమెరికా వెళ్లినవాడు. 1960లలో ఆయనకూ, ఆయన సహచరులకూ తట్టిన ఉపాయం చాలా తెలివైనది. ప్రతిధ్వనిని అడ్డుకోవద్దు. అది ఎలా ఉంటుందో ముందే లెక్కకట్టి, అచ్చం అలాంటిదే ఇంకొకటి తయారుచేసి, వచ్చినదాంట్లోంచి తీసివేయాలి. అంతే, మిగిలేది అవతలి మనిషి గొంతు ఒక్కటే. ఆ పరికరం తానే నేర్చుకుంటూ, ఫోన్ ఫోన్‌కూ తనను తాను సర్దుకునేది. 1980 ప్రాంతంలో అది ఒక్క చిప్‌లోకి ఇమిడింది. ఇవాళ మీ సెల్‌ఫోన్ స్పీకర్ ఆన్ చేసి మాట్లాడినా అవతలివాళ్ల గొంతు వాళ్లకే తిరిగి వినిపించకపోవడానికి ఆ కోవకు చెందిన ఉపాయమే కారణం.

ప్రతిధ్వని పోయింది. ఆలస్యం మాత్రం పోలేదు. అందుకే 1988లో అట్లాంటిక్ అడుగున తొలి గాజుతీగ కేబుల్ పడగానే టెలిఫోన్ సంభాషణలు క్రమంగా ఆకాశం వదిలి సముద్రంలోకి దిగాయి. గాజుతీగలో కాంతి కొంచెం నెమ్మదిస్తుంది, సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. అయినా దారి ఎంతో దగ్గర.

అండమాన్ సంగతి చూడండి. తెలుగువాళ్లు తరతరాలుగా బతుకుతున్న దీవులవి. 2020 దాకా అక్కడి ఫోన్లు, ఇంటర్నెట్ బయటి ప్రపంచాన్ని చేరాలంటే ఉపగ్రహమే గతి. ఆ ఏడు ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. ఉపగ్రహం మీదుగా పావు సెకను పట్టే దూరాన్ని కాంతి ఆ తీగలో సెకనులో ఎనభయ్యో వంతు కంటే తక్కువ కాలంలో దాటేస్తుంది. దీవిలోని కూతురు "హలో" అంటే శ్రీకాకుళంలో ఉన్న తల్లి వెంటనే ఊకొట్టగలుగుతుంది.

ఇంతకీ, శ్రోతలారా, ఈ ఆలస్యం అందరినీ ఒకేలా బాధించదు. ఇది ముఖ్యమైన మాట. మాటకు మాట జవాబు కావాల్సిన చోటే దాని పోరు. ఒకవైపు నుంచే వచ్చేవాటికి దాని బాధ లేనే లేదు.

1975 ఆగస్టు 1న మనదేశంలో సైట్ అనే పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని ఏడాది పాటు వాడుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ అందించారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యేవి. సాయంత్రమయ్యేసరికి ఊరంతా ఒక్క టీవీ ముందు చేరేది. సేద్యం మీద పాఠం పావు సెకను ఆలస్యంగా వస్తే రైతుకు పోయేదేముంది? ఎవరూ గమనించను కూడా లేదు.

మీ రేడియో సంగతీ అంతే. ఢిల్లీలో చదివే వార్తలు, ముంబయి నుంచి వచ్చే వివిధభారతి పాటలు ఉపగ్రహం మీదుగానే దేశంలోని ఆకాశవాణి కేంద్రాలకు చేరుతూ వచ్చాయి. పాట వింటూ "అయ్యో, పావు సెకను లేటు" అని బాధపడ్డ శ్రోత ఎవరూ ఉండరు. ఆ మాటకొస్తే కచేరీలో వేదిక నుంచి 85 మీటర్ల దూరంలో నిలబడి, మైకు లేకుండా వింటే గాయకుడి గొంతు చేరడానికి పట్టేదీ అదే పావు సెకను. మళ్లీ మన చెరువు గట్టే.

ఇంకొక చోట ఈ ఆలస్యం అందరినీ సమానం చేసింది కూడా. 1994లో ముంబయిలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మొదలైనప్పుడు దేశమంతటా ఉన్న బ్రోకర్లను చిన్న చిన్న ఉపగ్రహ డిష్‌లతోనే కలిపారు. వాటికి వీశాట్ అని పేరు. ముంబయిలో ఎక్స్ఛేంజి పక్క వీధిలో ఉన్నా, ఎక్కడో చిన్న పట్టణంలో ఉన్నా ఆ డిష్ వాడే బ్రోకరు ఆర్డరు 72 వేల కిలోమీటర్లు తిరిగి రావాల్సిందే. దగ్గరివాడికీ దూరంవాడికీ ఆలస్యం దాదాపు ఒక్కటే! తర్వాత తీగలు వచ్చాయి, వేగంగా లావాదేవీలు జరిపే కంప్యూటర్లు వచ్చాయి, అక్కడ ఆ సమానత్వం కాస్తా పోయింది.

ఇంటర్నెట్‌కు మాత్రం ఈ ఆలస్యం గట్టి దెబ్బ. ఇంటర్నెట్ పద్ధతి మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. కొంత సమాచారం పంపుతుంది. "అందింది" అనే రసీదు వచ్చాక మరికొంత పంపుతుంది. రసీదు రావడానికి ప్రతిసారీ అర సెకను పడితే పని నత్తనడకే. ఒక్క వెబ్‌పేజీ తెరవడానికే ఇలాంటి రాకపోకలు చాలా ఉంటాయి. అందుకని ఇంజనీర్లు ఒక చిన్న నాటకం ఆడిస్తారు. కిందనున్న పెట్టె, అసలు రసీదు ఆకాశంలో ఉండగానే, తానే "అందింది" అని చెప్పేస్తుంది. పంపే కంప్యూటర్ నమ్మి తర్వాతి కట్ట పంపుతుంది. నిజంగా అందకపోతే ఆ పెట్టే దాచుకున్న నకలును మళ్లీ పంపుతుంది. కాస్త అబద్ధమే అయినా పని జరిగిపోతుంది.

అసలు ఆలస్యమే తగ్గాలంటే? ఒకటే దారి. ఉపగ్రహాన్ని కిందికి తేవాలి. ఇప్పుడు జరుగుతున్నది అదే. ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఎక్కువగా సుమారు 550 కిలోమీటర్లు, అంతకు కాస్త తక్కువ ఎత్తుల్లో తిరుగుతున్నాయి. హైదరాబాదు నుంచి బెంగళూరుకు రోడ్డు మీద వెళ్లేంత దూరం. నిట్టనిలువుగా పైకి పోవడానికి తరంగానికి రెండు మిల్లీసెకన్లు చాలు. కింద యంత్రాల్లో పట్టే కాలం కలిపినా మాటకు మాట అందుతుంది. అలాంటివే అయిన వన్‌వెబ్ ఉపగ్రహాలు సుమారు 1,200 కిలోమీటర్ల ఎత్తువి. వాటిలో 36ని 2022 అక్టోబరులో, మరో 36ని 2023 మార్చిలో మన శ్రీహరికోట నుంచే ఇస్రో రాకెట్ మోసుకెళ్లింది.

కానీ టెల్‌స్టార్‌ను గుర్తు తెచ్చుకోండి. కింద తిరిగే ఉపగ్రహం ఒకచోట నిలవదు. తల మీదకి వచ్చినంతసేపు పట్టదు, దాటిపోతుంది. అది పోయేలోపు ఇంకొకటి రావాలి. దాని వెనక మరొకటి. కాబట్టి వందలు, వేలు కావాలి. ఎత్తున మూడు చాలన్న చోట, కింద వేలు. పావు సెకను మిగుల్చుకోవడానికి కడుతున్న ధర అది.

ఇక భూమిని వదిలి కాస్త పైకి పోదాం. చంద్రుడు సగటున 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మాట పోవడానికి సుమారు సెకనుంపావు. జవాబుతో కలిపి రెండున్నర సెకన్లు. 1969 జూలైలో అపోలో-11 వ్యోమగాములు చంద్రుడి మీద ఉన్నప్పుడు హ్యూస్టన్‌లోని అధికారి అన్న మాట, వ్యోమగామి ఇయర్‌ఫోన్‌లోంచి అతని మైకులోకి కారి, రెండున్నర సెకన్ల తర్వాత తిరిగి హ్యూస్టన్‌లోనే వినిపించేది. నాటి రికార్డింగులు వింటే ఆ ప్రతిధ్వని ఇప్పటికీ చెవిన పడుతుంది. ఆర్వి ఫోన్‌లో మన తల్లిగారికి వినిపించినలాంటిదే.

మాటలకే ఇంత ఇబ్బందైతే బండి నడపడం మాటేమిటి? 1970 నవంబరులో సోవియట్ యూనియన్ లునఖోద్ అనే బండిని చంద్రుడి మీద దించింది. దాన్ని భూమి మీద కూర్చుని ఐదుగురి బృందం నడిపేది. వాళ్లకు కొన్ని సెకన్లకు ఒకటి చొప్పున నిశ్చల చిత్రాలు అందేవి. తెర మీద గుంత కనిపించి "ఆపు" అని నొక్కేసరికి బండి ఇంకొంచెం ముందుకు పోయి ఉంటుంది. కళ్లకు గంతలు కట్టుకుని, మధ్యమధ్య ఒక్క క్షణం గంతలు తీస్తూ ఎడ్లబండి తోలినట్టు. అయినా పది నెలలకు పైగా నడిపారు.

2023 ఆగస్టు 23 సాయంత్రం ఆరు దాటాక చంద్రయాన్-3 దిగింది. దేశమంతా టీవీలకు అతుక్కుపోయి చూసింది. బెంగళూరు కేంద్రంలో శాస్త్రవేత్తలు కూర్చుని ఉన్నారు. కానీ దిగుతున్న ఆ పంతొమ్మిది నిమిషాలూ వాళ్లు ల్యాండర్‌ను నడపలేదు. వాళ్లూ మనలాగే చూశారు. ఎత్తు కొలుచుకోవడం, వేగం తగ్గించుకోవడం, చదునైన చోటు వెతుక్కోవడం, అన్నీ ల్యాండరే సొంతంగా చేసుకుంది. క్షణంలో నిర్ణయం తీసుకోవాల్సిన చోట రెండున్నర సెకన్లు ఎదురుచూస్తే కొంప మునిగినట్టే.

అంగారకుడి దగ్గరికి వెళ్తే సెకన్లు పోయి నిమిషాలు వస్తాయి. 2014 సెప్టెంబరు 24 ఉదయం మంగళయాన్ ఆ గ్రహం దగ్గరికి చేరింది. భూమికి 22 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరం. మాట పోవడానికి పన్నెండున్నర నిమిషాలు. అక్కడ ఇంజన్ వెలిగించి వేగం తగ్గించాలి. సుమారు 24 నిమిషాల పాటు మండాలి. అది మండకపోతే నౌక గ్రహాన్ని దాటి శూన్యంలోకి పోతుంది.

ఉదయం 7 గంటల 17 నిమిషాలకు ఇంజన్ వెలగాలి. వెలిగింది. కానీ ఆ సంగతి బెంగళూరులో తెలిసింది ఏడున్నరకు. వార్త చేరేసరికి అక్కడ సగం మంట అయిపోయింది! ఏదైనా తేడా వస్తే సరిదిద్దడానికి వీల్లేదు. అందుకే ఏ క్షణంలో ఏం చేయాలో పది రోజుల ముందే ఆజ్ఞలన్నీ నౌకకు పంపేశారు. కూతుర్ని అత్తవారింటికి పంపేముందు తల్లి అన్నీ చెప్పి పంపినట్టు. పైగా మధ్యలో నౌక గ్రహం చాటుకు వెళ్లింది. సంకేతం తెగిపోయింది. ఎనిమిది గంటల ప్రాంతంలో అది మళ్లీ కనిపించి, అంతా సరిగ్గా జరిగిందని చెప్పింది. అప్పుడు మోగాయి చప్పట్లు.

ఇంకా దూరం పోయినవాడు ఒకడున్నాడు. వాయేజర్-1. 1977లో బయల్దేరిన నౌక. మనిషి చేసిన వస్తువుల్లో అంత దూరం పోయింది మరొకటి లేదు. దానికి ఒక మాట చేరడానికి దాదాపు ఒక రోజు పడుతోంది. 2023 నవంబరులో అది అర్థంలేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. కారణం, మెమరీ చిప్ ఒకటి పాడైంది. ఇంజనీర్లు నెలల తరబడి ఆలోచించి, ఆ చిప్‌లో ఉండాల్సిన ప్రోగ్రామును వేరే చోటికి మార్చే ఉపాయం కనిపెట్టారు. 2024 ఏప్రిల్ 18న ఆజ్ఞ పంపారు. జవాబు 20న వచ్చింది. రెండు రోజులు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నౌక మళ్లీ అర్థమయ్యేలా మాట్లాడింది.

ఇప్పుడు మళ్లీ గోదావరి గట్టుకు వద్దాం. వానలో నిలబడ్డ మన విలేకరి దగ్గరికి.

ఒక సంగతి చెప్పాలి. అతను రెండు మూడు సెకన్లు మౌనంగా నిలబడితే అదంతా ఉపగ్రహం పుణ్యం కాదు. ఉపగ్రహం వాటా రానూ పోనూ అర సెకనే. మిగిలింది నేల మీది పెట్టెలది. బొమ్మను కుదించే పెట్టె కొంత ఆపుతుంది. విప్పే పెట్టె ఇంకొంత ఆపుతుంది. ఈమధ్య చాలామంది విలేకరులు ఉపగ్రహ డిష్ ఉండే ఓబీ వ్యాన్ లేకుండా, వీపున సంచి తగిలించుకుని, నాలుగైదు సెల్‌ఫోన్ సిమ్‌ల మీద బొమ్మ పంపుతున్నారు. అందులో ఉపగ్రహమే లేదు. అయినా ఆలస్యం ఉంటుంది. బొమ్మ తెగకుండా ఉండాలని ఆ పెట్టె కొంత కూడబెట్టుకుని పంపుతుంది కాబట్టి.

ఇక చివరిగా ఒక పనికొచ్చే మాట. తుపాను వస్తుంది. టవర్లు కూలతాయి. సెల్‌ఫోన్లు మూగబోతాయి. అలాంటప్పుడు సహాయ బృందాల చేతుల్లో మిగిలేది ఉపగ్రహ ఫోన్. దానితో మాట్లాడే అవసరం మీకూ ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు తొందరపడకండి. చెప్పాల్సింది ఒక్కసారిగా, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పండి. పూర్తవగానే "చెప్పండి" అని ఆపేయండి. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టండి. అవతలివాళ్లు మౌనంగా ఉన్నారని మళ్లీ అందుకోకండి. మీ మాట ఇంకా దారిలో ఉండొచ్చు. లేదా వాళ్ల జవాబు మీ దగ్గరికి బయల్దేరి ఉండొచ్చు.

ఆ రెండంకెలు లెక్కపెట్టేలోపు జవాబు వచ్చేస్తుంది.